ముద్ర చెరిగిన ఈతగాడు

రాష్ట్ర తక్కెడ తనిఖీ మండలిలో చేరినప్పటినుంచీ తాతారావు మీద ఒక్క మచ్చ పడలేదు. అతని కష్టమంతా దానివల్లే వచ్చింది.

మండలి ప్రధాన కార్యాలయం ఎగువ సీమలో, రాతి గుట్టల మధ్య ఉంది. తాతారావుది గోదావరి పాయల నడుమ తాటిగరువు లంక. భార్య మంగతాయారు అక్కడే ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఆమె ఉద్యోగం లంక దాటి రాదు, ఇతని ఉద్యోగం గుట్టలు దాటి పోదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళ కాపురం ఎక్కువగా ఫోన్లోనే సాగింది.

లంకలో కూడా మండలికి ఒక ఆఫీసుంది. కొబ్బరి వర్తకుల కాటాలు పరీక్షించడానికి ఒక బీరువా, ఒక కుర్చీ. కుర్చీ ఏళ్ళ తరబడి ఖాళీ. తాతారావు ఏటా అర్జీ పెట్టేవాడు. ఒకసారి అధ్యక్షులు సర్వోత్తమరావు గారే పిలిచి విడమర్చి చెప్పారు.

"తాటిగరువు లంక శిక్షా స్థానం. క్రమశిక్షణ చర్యకు గురైన ఉద్యోగులకు మాత్రమే ప్రత్యేకించబడినది. మీ రికార్డు నిష్కళంకం. కావున మీరు అనర్హులు."

సాయంత్రం ఫోన్లో ఈ సంగతి మంగతాయారుకు చెప్పాడు.

"అయితే ఏదో ఒక చిన్న తప్పు చేసెయ్యండి. అందరూ చేసేదే కదండీ."

"చూశానే. చేతకావట్లేదు."

నిజంగానే చూశాడు. ఒక సోమవారం కావాలని ఆలస్యంగా వెళ్ళాడు. ఆ రోజు మిగతా అందరూ ఇంకా ఆలస్యంగా రావడంతో, తాతారావును చూసి సమయపాలన నేర్చుకోవాలని అధ్యక్షులు సభలో చెప్పారు.

ఇక మిగిలిన దారి ఈత. ప్రభుత్వ మండళ్ళన్నీ కలిసి నలభై దాటిన ఉద్యోగులకు ఏటా ఈత పోటీలు పెడతాయి. పతకం తెచ్చినవాళ్ళు కోరుకున్న చోటికి బదిలీ చేయించుకోవచ్చు. ఆ చోటు శిక్షా స్థానం కాకూడదని నియమంలో ఎక్కడా లేదు.

కిందటేడు పోటీలకు తక్కెడ మండలి తరపున ఇద్దరు దిగారు. తాతారావు పుట్టిందే నీళ్ళ మధ్య. చెయ్యి నీళ్ళలోకి పోతుంటే చప్పుడుండదు, తల పక్కకు తిప్పి ఊపిరి తీసుకుంటుంటే పడుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంటుంది. కానీ ఇన్నేళ్ళు కుర్చీలో కూర్చుని పొట్ట వచ్చింది. కొలను ఒక దరినుంచి రెండో దరికి, మళ్ళీ ఇవతలికి వస్తుండగా దమ్ము అయిపోయింది. చివరి అంచు కనిపిస్తుండగానే వరసలను వేరుచేసే తాడు పట్టుకుని వేలాడాడు.

రెండోవాడు ఓబులేసు, ఆఫీసున్న గుట్టల ఊరివాడే. తనిఖీలకు ఇనప తూకపు రాళ్ళు భుజాన మోసి మోసి ఎద్దులా ఉంటాడు. అతని ఈత మామగారి చేను బావిలో నేర్చిన ఈత. బావిలో నేరుగా పోవడానికి చోటుండదు కాబట్టి గుండ్రంగా తిరగడం అలవాటు. పోటీలో కూడా వంకర తిరిగి పక్క వరసలోకి వెళ్ళి, అక్కడివాడితో పాటు చివరిదాకా ఈది, గట్టెక్కి అతనికి చెయ్యి కలిపి వచ్చాడు.

గట్టు మీద సర్వోత్తమరావు గారు ఇదంతా చూశారు. ఆయన ముద్రలు వేసే గుమాస్తాగా చేరి అధ్యక్షుడైన మనిషి. ఏ విషయం వచ్చినా రెండు అరచేతులు ముందుకు చాపి, తక్కెడ పళ్ళాల్లాగా పైకీ కిందికీ ఆడించి చూస్తారు. ఆ రోజు కూడా ఆడించారు.

"ఒకరికి శైలి ఉంది, దమ్ము లేదు. ఒకరికి దమ్ము ఉంది, శైలి లేదు. లోపం ఈతలో లేదు. తూకంలో ఉంది. తూకం మన శాఖ."

ఆ వారంలోనే ఈత సమతూక విభాగం ఏర్పడింది. శైలికి శేషాద్రి గారనే శిక్షకుణ్ణి, దమ్ముకు బసవరెడ్డి గారనే శిక్షకుణ్ణి వేశారు. శేషాద్రి గారు సన్నగా, ఇస్త్రీ మడతలా ఉంటారు. బసవరెడ్డి గారి మెడలో ఈల, చేతిలో కర్ర ఉంటాయి. రోజుకు సరిగ్గా సగం శైలికి, సగం దమ్ముకు. గట్టు మీద ఒక పెద్ద ఇత్తడి తక్కెడ వేలాడదీశారు. శైలి అభ్యాసం ఒకటి పూర్తయితే ఒక పళ్ళెంలో గులకరాయి, దమ్ము అభ్యాసం పూర్తయితే రెండో పళ్ళెంలో గులకరాయి. సాయంత్రానికి ముల్లు నిటారుగా నిలబడితేనే ఇంటికి పంపేవారు. గాలి వీచి ముల్లు కదిలితే, తగ్గిన పళ్ళెం ఎవరిదో వాళ్ళ అభ్యాసం మళ్ళీ మొదలయ్యేది. శ్రావణ మాసంలో గాలి దమ్ము పళ్ళేన్నే ఎక్కువగా ఎగరేసింది. ఓబులేసు, తాతారావు చీకటి పడేదాకా గట్టు మెట్లెక్కి దిగారు.

"ఏమప్పా తాతారావు, మనం ఈతకొచ్చినామా, గాలిపటానికి తోక మాదిరి వేలాడను వచ్చినామా?" అన్నాడు ఓబులేసు మోకాళ్ళు పట్టుకుని.

"పతకం రావాలి కదరా ఓబులేసు."

"నీకు పెండ్లాం దగ్గరికి పోవల్ల. నాకేం పనప్పా? నాది ఈడనే ఉండాది."

"మరి ఎందుకు వస్తున్నావు?"

"ప్రమోషను. సారు కండ్లల్ల పడల్ల గదా."

కొన్నాళ్ళకు సరిహద్దు తగాదా వచ్చింది. శైలి గంటలో ఈదుతుండగా తాతారావుకు ఆయాసం వచ్చింది. బసవరెడ్డి గారు ఈల వేసి ఆపారు.

"ఆయాసం నా విభాగం. శైలి గంటలో ఆయాసపడడం అంటే నా సమయాన్ని ఆక్రమించడమే."

శేషాద్రి గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "నిన్న మీ గంటలో ఓబులేసు ఒకసారి మోచెయ్యి అందంగా ఎత్తాడు. నేను సహనం పాటించలేదా?"

తగాదా అధ్యక్షుల దగ్గరికి వెళ్ళింది. ఆయన అరచేతులు ఆడించి తీర్పు చెప్పారు. శైలి గంటలో ఆయాసం మొదలైతే, అది తగ్గేదాకా ఈతగాడు తాడు పట్టుకుని ఆగాలి. దమ్ము గంటలో కదలిక అందంగా వస్తే, దాన్ని వెంటనే చెడగొట్టుకోవాలి.

తాతారావు తీర్పు పాటించాడు. సగం రోజు ఆగడం, సగం రోజు చెడగొట్టుకోవడం. ఒక రోజు దమ్ము గంటలో చేతులు నీళ్ళ మీద బాదుతూ కొలను మధ్యలో ఉండగా అతనికి ఒక సంగతి తట్టింది. దమ్ము తగ్గేకొద్దీ చెయ్యి వంకరపోతోంది. చెయ్యి వంకరపోయేకొద్దీ దమ్ము ఇంకా తొందరగా తగ్గుతోంది. ఈ రెంటినీ విడదీయడం పాలనూ తెలుపునూ విడదీయడంలా ఉంది. ఆ మాటే అధ్యక్షుల ముందు అన్నాడు.

అనకుండా ఉండాల్సింది. అధ్యక్షులు ఆలోచనలో పడ్డారు. "అంటే ఈదుతున్నప్పుడు శైలీ దమ్మూ ఏకకాలంలో ఖర్చవుతున్నాయన్నమాట. గులకరాయి ఏ పళ్ళెంలో వేస్తున్నాం మరి?"

మర్నాడు నోటీసు బోర్డు మీద ఉత్తర్వు పడింది. 'ఈత అనునది మిశ్రమ చర్య అని తేలినందున, దానిని విడదీయు విధానము కనుగొనబడు వరకు, సభ్యులు శిక్షణలో ఈత నిలిపివేయవలెను.'

కొలనుకు తాళం పడింది. శైలి సమావేశ మందిరంలోకి మారింది. ఎత్తుపీటల మీద బోర్లా పడుకుని ఫ్యాను కింద చేతులు ఆడించాలి. శేషాద్రి గారు చుట్టూ తిరుగుతూ, "నీళ్ళున్నట్టు భావించండి, కానీ తడిసినట్టు భావించకండి," అనేవారు. దమ్ము పూర్తిగా ఆఫీసు మెట్ల మీదకు మారింది. ఊపిరి బిగబట్టి పై అంతస్తుకు వెళ్ళి, అక్కడ వదిలి, మళ్ళీ బిగబట్టి దిగాలి. మెట్ల మీద ఎదురైన అర్జీదారులు ఎవరైనా ఏదైనా అడిగితే, బుగ్గలు ఉబ్బించుకుని చేత్తో సైగ చేసేవారు. ఆఫీసు మామూలుగానే నడుస్తోందని జనం అనుకున్నారు.

ముల్లు నిటారుగా నిలబడింది. గాలికి కదలకుండా తక్కెడను కూడా లోపలికి తెచ్చారు. అధ్యక్షులు సంతోషించి, సమతూకం కుదిరిన ఈతగాళ్ళకు ముద్ర వెయ్యాలని నిర్ణయించారు. కాటాలకూ తూకపు రాళ్ళకూ మండలి ఏటా వేసే ముద్రే. ఎవరైనా ఎప్పుడైనా తనిఖీ చేస్తే ఆధారం ఉండాలి కదా. తూకపు రాయికైతే సీసంలో కొడతారు. మనిషికి అది కుదరదు కాబట్టి కుడి భుజం మీద ఊదారంగు సిరాతో వేశారు. మధ్యలో తక్కెడ బొమ్మ, చుట్టూ మండలి పేరు, కింద ముద్ర చెల్లే గడువు తేదీ.

"ముద్ర చెరిగిన తూకపు రాయి చెల్లదు," అని సర్వోత్తమరావు గారు హెచ్చరించారు. "ముద్ర చెరపడం మండలి చట్టంలో నేరం. కావున ముద్రకు నీరు తగలరాదు."

"స్నానం అండి?" అన్నాడు తాతారావు.

"ఎడమ వైపు."

ఆ సాయంత్రం మంగతాయారు ఫోన్ ఎత్తగానే, "ఈత ఎలా సాగుతోందండీ?" అంది.

"ఆపేశారు."

"పోటీలు ఆపేశారా?"

"పోటీలు ఉన్నాయి. ఈతే ఆపేశారు."

అవతల రేవులో ఏరు దాటించే పంటి ఇంజను చప్పుడు వినిపిస్తోంది. "ఈసారి పతకం రాకపోతే ఇంక అర్జీ పెట్టకండి," అంది ఆమె. "ఏటా ఎదురుచూడడం నావల్ల కాదు. నాకు అలుపొచ్చేసింది." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే తాతారావు తట్టుకునేవాడు.

మరుసటి ఆదివారం అతనే ఓబులేసు ఇంటికి వెళ్ళాడు.

"మీ మామగారి బావి ఉందన్నావు."

ఓబులేసు తన భుజం వంక చూసుకున్నాడు. "ముద్ర పోతాదప్పా."

"ముద్ర పైకి పెట్టి ఈదుతాను."

ఊరికి దూరంగా, చేను మధ్యలో మెట్ల బావి. తాతారావు కుడి భుజం నీళ్ళపైన నిలబెట్టి, ఎడమ పక్కకు ఒరిగి, బావి చుట్టూ తిరిగాడు. ఓబులేసు మెట్టు మీద గొడుగు పట్టుకుని కూర్చుని, "దమ్ము పట్టు, దమ్ము పట్టు, ఇంకొక సుట్టు," అంటూ తిప్పాడు. తరవాత ఓబులేసూ ముద్ర పైకి పెట్టి దిగాడు. ఈ దరినుంచి ఆ దరికి తాడు కట్టి, దాని వెంబడి నేరుగా పోవడం తాతారావు నేర్పించాడు. ఒకడి పళ్ళెంలో ఉన్నది ఇంకొకడి పళ్ళెంలోకి కొంచెం కొంచెంగా మారింది. ఎవరూ గులకరాళ్ళు వెయ్యలేదు. ప్రతి ఆదివారం అలాగే జరిగింది. సోమవారం పొద్దున భుజాల తనిఖీలో ఇద్దరి ముద్రలూ చెక్కుచెదరకుండా ఉండేవి.

ఒకసారి తనిఖీలో శేషాద్రి గారు తాతారావు జుట్టు వాసన చూశారు. "పాచి వాసన వస్తోంది."

"నూనె అండి," అన్నాడు ఓబులేసు మధ్యలోకి వచ్చి. "వాళ్ళ దేశం నూనె."

పోటీలు తక్కెడ మండలి కొలనులోనే జరిగాయి. తాళం తీసి నీళ్ళు మార్చారు. గట్టున షామియానా, కుర్చీలు, మధ్యలో ఇత్తడి తక్కెడ. మిగతా మండళ్ళవాళ్ళు దాన్ని పూజ కోసం పెట్టారనుకుని దణ్ణం పెట్టుకున్నారు. తాతారావు, ఓబులేసు పక్కపక్క వరసల్లో నిలబడ్డారు.

ఈల మోగింది. అందరూ దూకారు, ఓబులేసు తప్ప.

దూకడానికి చేతులు చాపిన మాట నిజమే. అదే క్షణాన ఎదురుగా కూర్చున్న అధ్యక్షుల చూపు అతని భుజం మీద ఉంది. ఓబులేసుకు ప్రమోషను కళ్ళ ముందు మెదిలింది. చాపిన చేతులు చాపినట్టే ఉంచి, వంగిన నడుము వంచినట్టే ఉంచి, పోటీ అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.

తాతారావు మొదట ముద్ర పైకి పెట్టే ఈదాడు. అవతలి దరి చేరేసరికి అందరికంటే వెనకపడ్డాడు. పక్కకు తిప్పిన తలకు గట్టు మీద తక్కెడ కనిపించింది, ముల్లు నిటారుగా ఉంది. అతనికి మంగతాయారు అలుపు మాట గుర్తొచ్చింది. కుడి భుజం నీళ్ళలో ముంచాడు.

ఆ తరవాత నీళ్ళకు చప్పుడు లేదు. కిందటేడు తాడు పట్టుకున్న చోటు వచ్చింది. వచ్చి వెనక్కి పోయింది. ఛాతీ మండుతోంది కానీ చెయ్యి వంకరపోలేదు. అంచు తగిలాక తల ఎత్తి చూస్తే అతనికంటే ముందు ఇద్దరే ఉన్నారు.

మూడో స్థానం. కంచు పతకం. మెడలో పడిన పతకం గుండె మీదికి జారేలోపే బసవరెడ్డి గారు తుండుగుడ్డతో వచ్చారు. తుడవడానికి కాదు. భుజం చూడడానికి.

తక్కెడ బొమ్మ పోయింది. మండలి పేరు పోయింది. మసకగా ఊదారంగు మరక ఒకటి మిగిలింది, దాని కింద గడువు మాత్రం కొద్దిగా కనిపిస్తోంది.

మూడో రోజున విచారణ. సర్వోత్తమరావు గారు మధ్యలో, శిక్షకులిద్దరూ సమాన దూరంలో చెరో పక్కన కూర్చున్నారు. సాక్షిగా ఓబులేసు తాతారావు పక్కన నిలబడ్డాడు. చొక్కా కుడి చెయ్యి మడిచి, ముద్ర కనిపించేలా ఉంచుకున్నాడు.

"మీరు నీళ్ళలోకి దిగిన మాట వాస్తవమేనా?"

"ఆయ్, వాస్తవమేనండి. ఈత పోటీ కదండి."

"అడిగినదానికి మాత్రమే జవాబు. మీ పక్కన ఉన్న ఓబులేసు కూడా అదే పోటీలో పాల్గొన్నారు. వారి ముద్ర చెరిగిందా?"

"లేదండి."

"కావున పోటీకీ ముద్ర చెరగడానికీ సంబంధం లేదని తేలుతోంది." ఆయన రాయించారు. "ఓబులేసును ఉత్తమ సమతూక ఈతగాడిగా గుర్తించడమైనది. ప్రమోషను సిఫార్సు చేయడమైనది."

ఓబులేసు తల దించుకున్నాడు.

"ఇక మీ విషయం. ముద్ర లేని రాయితో తూచిన సరుకు చెల్లదు. కావున పతకం చెల్లదు. సమతూకం తేలే వరకు మండలి దానిని భద్రపరుస్తుంది. పతకం ఆధారంగా మీరు పెట్టిన బదిలీ అర్జీ తిరస్కరించడమైనది."

తాతారావు కిటికీలోంచి బయటికి చూశాడు. గుట్టల మీద ఎండ కాస్తోంది. ఏ మాట చెప్పి ఫోన్ పెట్టెయ్యాలో ఆలోచిస్తున్నాడు.

"అది నష్టం మాత్రమే. శిక్ష వేరు," అన్నారు అధ్యక్షులు. శేషాద్రి గారు మందలింపు చాలన్నారు. బసవరెడ్డి గారు ఉద్యోగం తీసెయ్యమన్నారు. అధ్యక్షుల అరచేతులు పైకీ కిందికీ ఆడి, మధ్యలో ఆగాయి.

"ఈ మనిషికి నీళ్ళ యావ ఉంది. కావున ఈత కొలను లేని చోటికి, ఎవరూ కోరని చోటికి పంపాలి." మండలి లెక్కలో తిరస్కరించిన అర్జీ కోరిక కిందికి రాదు. ఆయన లేచి గోడ మీది పటం దగ్గరికి వెళ్ళారు. ఆ పటంలో మండలి కార్యాలయాలకు ఎర్ర చుక్కలుంటాయి. నదులు గీయలేదు, నదుల్లో తక్కెళ్ళు ఉండవు కాబట్టి. ఆయన వేలు గుట్టలు దాటి, మైదానం దాటి, చివరన ఒంటరిగా ఉన్న చుక్క మీద నిలిచింది. "తాటిగరువు లంక. కొలను లేదు. శిక్షా స్థానం. ఇప్పుడు మీరు అర్హులు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది.

"ఏమైనా చెప్పుకుంటారా?"

తాతారావు నిష్కళంకమైన మనిషి. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఇంకోటి తెలియదు. "అది మా..." అని నోరు తెరిచాడు.

ఓబులేసు అతని కాలు తొక్కాడు. రాళ్ళు మోసే మనిషి కాలు. తాతారావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అది మా...?" అన్నారు అధ్యక్షులు.

తాతారావు ఓబులేసు వంక చూశాడు. ఓబులేసు గోడ మీది పటం వంక చూస్తున్నాడు.

"మా కర్మండి," అన్నాడు తాతారావు.

ఆ కన్నీళ్ళు చూసి శేషాద్రి గారు కూడా శిక్ష సరిగ్గా తూగిందన్నారు.

వరండాలోకి వచ్చాక ఓబులేసు మడిచిన చెయ్యి దించుకున్నాడు. "నేను దుంకలేదని మనసులో పెట్టుకోవద్దప్పా."

"నువ్వు దూకి ఉంటే నీకూ లంకే పడేదిరా."

"పోప్పా. నాకు నేరుగా ఈదేది ఇప్పుడే కదా వచ్చింది. మా మామ బాయి ఏం కావల్ల?"

పంటి లంక రేవుకు చేరేసరికి మంగతాయారు గొడుగు వేసుకుని నిలబడి ఉంది. పెట్టె అందుకుని, మెడ వంక చూసింది.

"పతకం ఏదండీ?"

"వాళ్ళ దగ్గరే ఉంది. తూకం తేలాక ఇస్తారంట."

"మరి మిమ్మల్ని ఎలా పంపారు?"

తాతారావు జరిగింది జరిగినట్టు చెప్పాడు. కర్మ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు. ఆమె నవ్వు ఆపుకోలేక గొడుగు అడ్డం పెట్టుకుంది.

"అయితే చేశారన్నమాట."

"ఏంటి?"

"తప్పు."

అతను చొక్కా విప్పి పెట్టె మీద వేసి, రేవు మెట్లు దిగాడు. చుట్టూ ఎటు చూసినా ఏరే, నడుం లోతు దాటితే అవతలి గట్టు దాకా అడ్డమే లేదు. ఎదురీది, తిరిగి వచ్చి, దమ్ము ఉన్నంతసేపు తిరిగాడు. ఏ గంటలో ఉన్నాడో అడిగేవాళ్ళు లేరు.

అతను వచ్చి మెట్టు మీద కూర్చున్నాక ఆమె కొబ్బరి పీచు తెచ్చి కుడి భుజం రుద్దింది. చర్మం ఎర్రబడింది కానీ ఊదారంగు మరక అలాగే ఉంది.

"ఇది పోదేంటండీ?"

తాతారావు మెడ తిప్పి చూసుకున్నాడు.

"ఎలా పోతుందే. ఇంకా గడువుంది."